పాత చందమామల వేట: ఆబిడ్స్, బెజవాడ, వేటపాలెం

చిన్నప్పుడు చదివిన చందమామ మళ్లీ చేతికి కావాలంటే ముందు ఏ ఏడాది, ఏ నెల అన్నది తేల్చుకుని బయల్దేరాలి. "బేతాళ కథ ఉన్న సంచిక" అంటే ఏ కొట్లోనూ పని జరగదు. సీరియల్ పేరో, అట్ట మీది బొమ్మో గుర్తుండాలి. ఆర్కైవ్.ఆర్గ్‌లో పాత సంచికల స్కాన్లు చాలానే ఉన్నాయి. అందులో మీది గుర్తుపట్టి ఫోన్లోకి దించుకోండి. కొనేటప్పుడు పేజీలు సరిచూసుకోవడానికి అదే ఆధారం.

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున ఆబిడ్స్. కొట్లు మూసి ఉంటాయి కాబట్టి షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీదే పుస్తకాలు పరుస్తారు. ఇంగ్లిష్ నవలలు, పోటీ పరీక్షల గైడ్లే ఎక్కువ. తెలుగు పత్రికలు తాడుతో కట్టిన కట్టల్లో అడుగున ఉంటాయి. కట్టకు పైనా కిందా ఉన్న సంచికల అంచుల్ని తాడు కోసేస్తుంది, మధ్యవే బాగుంటాయి. కట్ట విప్పించి చూడాలి. వచ్చీరాగానే చందమామ పేరెత్తితే ధర పెరుగుతుంది. నాలుగు వేరే పుస్తకాలు తిరగేశాక అడగండి. వానాకాలంలో వెళ్లకపోవడమే మేలు. చెమ్మకి అట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, లాగితే బొమ్మ ఊడొస్తుంది. బస నాంపల్లి స్టేషన్ దగ్గరి లాడ్జీల్లో సరిపోతుంది. మార్కెట్ దగ్గరే తప్ప ఆ గదుల్లో వేరే సుఖం వెతకొద్దు, రోడ్డు వైపు గది అసలే వద్దు.

ఒక్క చోటికే వెళ్లే వీలుంటే మాత్రం బెజవాడ. లెనిన్ సెంటర్ దగ్గరి పాత పుస్తకాల కొట్లవాళ్లకి తెలుగు పత్రికల సంగతి తెలుసు. వడ్డాది పాపయ్య అట్ట, శంకర్ బొమ్మ అంటే మళ్లీ వివరించక్కర్లేదు. ధర దగ్గర కూడా ఆ తెలివి కనబడుతుంది, ఆబిడ్స్‌లోలా అమాయకపు బేరం తగలదు. కావలసిన నెలలు చీటీ మీద రాసి, ఫోన్ నంబరు ఇచ్చి రండి. గాంధీనగర్‌లో దిగితే స్టేషనూ దగ్గరే, కొట్లూ దగ్గరే. జనవరి మొదట్లో పుస్తక మహోత్సవానికి వెళ్లేవాళ్లు గది ముందే చూసుకోవాలి.

ఎక్కువమంది మోసపోయేది బైండు దగ్గర. పన్నెండు నెలలవీ ఒకేచోట దొరికాయని సంబరపడి కొంటారు, ఇంటికొచ్చాక చూస్తే అట్టలుండవు. బైండింగ్ చేసేవాళ్లు అట్టలు, ప్రకటనలు తీసేసి, మూడు వైపులా కోసేవాళ్లు. అంచుకి ఆనుకుని బొమ్మ తెగిందంటే మార్జిన్ పోయినట్టే. కొన్ని ఇళ్లలో సీరియల్ పేజీలు మాత్రమే చింపి కుట్టించుకునేవాళ్లు. అది చదువుకోవడానికి దివ్యంగా ఉంటుంది, సంచిక కింద లెక్కకి రాదు. విడి సంచికైతే నడిమి పేజీ తెరిచి పిన్నులు చూడండి. పిన్ను చుట్టూ కాగితం గోధుమరంగుకి తిరిగి ఉంటే అక్కడ చిల్లు పడబోతోంది. నడిమి నాలుగు పేజీలు ఊడి పోయినా పైకి తెలియదు కాబట్టి పేజీ అంకెలు తప్పకుండా చూడాలి.

వేటపాలెం సారస్వత నికేతనంలో పుస్తకాలు కొనేది ఉండదు. 1918 నాటి ఆ గ్రంథాలయం పాత పత్రికల సేకరణకి పేరుపడింది. మీ ఏడాదివి ఉన్నాయో లేదో ముందే కనుక్కుని వెళ్లండి. ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు చీరాలలోనే ఆగుతాయి, బస కూడా అక్కడే నయం. వెళ్లినవాళ్లు గాంధీగారి చేతికర్ర కూడా చూసి రావచ్చు.

చందమామ పుట్టింది మద్రాసులోనే అయినా తెలుగు సంచికల కోసం అంత దూరం వెళ్లమని చెప్పలేం. అక్కడి కొట్లలో చందమామ తమిళ రూపమైన అంబులిమామే ఎక్కువ కనబడుతుంది. బొమ్మల కోసమే వెతికేవాళ్లకి అదీ పనికొస్తుంది.

పన్నెండు సంచికలు కలిపి కిలో పైచిలుకు తూగుతాయి. చుట్టచుట్టకుండా రెండు అట్టముక్కల మధ్య పెట్టి చేతిసంచీలోనే తెచ్చుకోండి. ఇంటికి రాగానే పాత పుస్తకాల మధ్య పెట్టొద్దు, పురుగు పాకుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ కవర్లో మూసి రెండు వారాలు ఫ్రీజర్లో ఉంచి, బయటికి తీశాక మామూలు వేడికి వచ్చేదాకా కవరు విప్పకూడదు. తుప్పు పిన్నుల కొనలు లోపలి వైపు నుంచి నిదానంగా ఎత్తి తీసేసి, అవే చిల్లుల్లోంచి నూలుదారంతో కుట్టాలి. సెల్లోటేపు మాత్రం వేయొద్దు, జిగురు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది.