పుల్లని ద్రాక్షా, పచ్చికాయలా: నక్క నోట ఏ మాట మేలు?

ఈసప్ కథల్లో నక్క–ద్రాక్ష గ్రీకు వచనంలో చాలా చిన్నది. ఆకలిగొన్న నక్క చెట్టు మీదికి పాకిన తీగకు వేలాడుతున్న గుత్తులను చూసింది, దక్కించుకోవాలనుకుంది, చేతకాలేదు. వెళ్తూ వెళ్తూ తనలో తాను ‘ఓంఫకెస్ ఐసిన్’ అనుకుంది. అంతే. మనం పిల్లలకు చెబుతూ నక్క చేత వేయించే గంతులు ఇందులో లేవు, అవి లాటిన్‌లో ఫేడ్రస్ రాసిన పద్యంలో ఉన్నాయి.

ఆ రెండు మాటలకు తెలుగేమిటి? ‘అందని ద్రాక్ష పుల్లన’ అని సామెతే ఉంది కాబట్టి చెయ్యి అటే పోతుంది. ఇంగ్లీషులోనూ పులుపే స్థిరపడింది. కానీ గ్రీకు నక్క రుచి ఊసే ఎత్తలేదు. ‘ఓంఫక్స్’ అంటే ఇంకా పండని ద్రాక్ష. పులుపు తెలియాలంటే నోట్లో వేసుకోవాలి, నక్కకు ఒక్క గింజ కూడా అందలేదు. పండలేదని మాత్రం కింద నిలబడి, తలెత్తి చూసి అనేయవచ్చు. ఆ అబద్ధాన్ని నక్క తానే నమ్మగలదు.

ఫేడ్రస్ రెండింటినీ కలిపాడు: ఇంకా పండలేదు, పుల్లనిది నాకొద్దు. 1668లో లా ఫోంటేన్ ఫ్రెంచిలో, ఆ పండ్లు ఎర్రగా నిగనిగలాడుతున్నాయని ముందే మనకు చూపించి, తర్వాత నక్క చేత ‘మరీ పచ్చివి, మోటువాళ్ళకే తగినవి’ అనిపించాడు. ఈ ఈసడింపు గ్రీకులో లేదు, అయినా నాకు ఎంతో ఇష్టం. ఆయన వాడిన ఫ్రెంచి మాటకు ఆకుపచ్చ అనీ, పండనిది అనీ రెండర్థాలున్నాయి. దాన్ని ‘ఆకుపచ్చ’ అని తెచ్చుకుంటే కథ చెడుతుంది. మన బజారులో తియ్యటి ద్రాక్ష ఆకుపచ్చగానే ఉంటుంది కదా!

పిందె, కాయ, దోర, పండు అని మెట్టుమెట్టుకూ మాట ఉన్న భాష మనది. అందుకే ‘అవింకా పచ్చికాయలే’ అన్నదే మేలని నా నిశ్చితాభిప్రాయం. సామెతను సామెతగా ఉండనిద్దాం, అనువాదంలోకి మాత్రం లాగవద్దు.

గ్రీకులోనే బాబ్రియస్ పద్యంలో నక్క ఇంకొక్క ముక్క కలుపుతుంది: ‘నేననుకున్నట్టు పండినవి కావు.’ అక్కడ ‘పుల్లన’ అని పెట్టి చూడండి, ఆ ‘అనుకున్నట్టు’ నిలవదు.