బంతి వెనుక వరుసను చూపించే చందా: ఎన్‌ఎఫ్‌ఎల్ గేమ్ పాస్ సమీక్ష

హనుమకొండలో ఉండి అమెరికన్ ఫుట్‌బాల్ చూడాలనుకునేవారు అమెరికా వృత్తి లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లను ఇంటర్నెట్‌లో చూపించే చందా గేమ్ పాస్‌ను తీసుకోవచ్చా అని అడిగితే, తీసుకోండి, కానీ ప్రత్యక్ష ప్రసారాల కోసం కాదు, అందులోని ‘కోచెస్ ఫిల్మ్’ కోసం అని చెబుతాను. అక్కడి ఆదివారం మధ్యాహ్నపు మ్యాచ్‌లు మనకు రాత్రి 10:30కు, నవంబరులో వారు గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక 11:30కు మొదలవుతాయి. పొద్దున్నే డ్యూటీకి పోయేవారికి అవి కుదిరేవి కావు. వ్యాఖ్యానం తెలుగులో ఉండదు కాబట్టి నిబంధనలు ముందే కొంత తెలుసుకొని కూర్చోవాలి.

మామూలు ప్రసారంలో కెమెరా బంతి వెంటే పరుగెత్తుతుంది. కోచెస్ ఫిల్మ్‌లో మైదానంలోని 22 మందీ కనిపిస్తారు, వ్యాఖ్యాతల మాటలు ఉండవు, ఒకే ప్లేను, అంటే బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా సాగే ఒక్క ఎత్తును, పక్క నుంచి ఒకసారి, గోల్ వెనుక ఎత్తు నుంచి మరోసారి చూపిస్తారు. ఈ రెండో కోణంలోనే మధ్యలో సెంటర్, అతనికి చెరోవైపు గార్డు, ఆ పక్కన టాకిల్, మొత్తం ఐదుగురు లైన్‌మెన్ బంతి పట్టిన తమవాడికి అడ్డుగోడగా నిలిచి చేసే పని తేటతెల్లమవుతుంది. ఎదుటి జట్టులో చివరన నిలబడ్డవాడు హఠాత్తుగా లోపలికి దూరి, లోపలివాడు అతని వెనుక నుంచి చుట్టుకొని బయటికి వచ్చినప్పుడు, గార్డు, టాకిల్ ఒకరి మనిషిని ఒకరికి అప్పగించుకోవాలి. అది రెప్పపాటులో జరగాలి, ఒక్క అడుగు ఆలస్యమైనా బంతి విసరాల్సిన క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉంటాడు. ఆ అప్పగింత సరిగ్గా జరిగినందుకు లీగు అధికారిక లెక్కల్లో ఒక్క అంకె కూడా చేరదు. మన కబడ్డీలోనూ కూతకు వచ్చినవాడి కాలు దొరకబుచ్చుకున్నవాడికే పాయింటు రాస్తారు, గొలుసు కట్టి దారి మూసినవాడి పేరు అంతగా వినబడదు.

ఒహాయోలోని క్యాంటన్‌లో 1963లో తెరిచిన, ఈ ఆటలోని మేటివారిని గౌరవించే ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో లైన్‌మెన్‌కు జరిగిన ఆలస్యం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. 1967 డిసెంబరు 31న గ్రీన్ బేలో, ఎముకలు కొరికే చలిలో, ఆఖరి క్షణాల్లో గార్డు జెర్రీ క్రేమర్ ఉన్న వైపు నుంచే దూరి క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ డాలస్‌పై 21-17తో గ్రీన్ బే జట్టును గెలిపించాడు. స్టార్‌కు 1977లోనే హాల్‌లో చోటు దక్కితే, క్రేమర్ 2018 దాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

టాకిల్ జో జాకబీది ఇంకా అన్యాయం. జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను తీసుకునే డ్రాఫ్ట్‌లో 1981లో ఏ జట్టూ ఎంచుకోని ఆ మనిషి వాషింగ్టన్ లైన్‌లో నిలబడి లీగు తుది పోరైన సూపర్ బౌల్‌ను మూడుసార్లు గెలిచాడు. 1983 జనవరి సూపర్ బౌల్‌లో మయామీపై 13-17తో వెనుకబడి, నాలుగో డౌన్‌లో (పది గజాలు సాధించేందుకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో చివరిదానిలో) ఒక్క గజం కావలసినప్పుడు, బంతితో దూసుకెళ్లే జాన్ రిగ్గిన్స్ ఎడమ వైపుగా, అంటే జాకబీ, గార్డు రస్ గ్రిమ్ ఉన్న వైపుగా 43 గజాలు పరుగెత్తాడు. రిగ్గిన్స్, కోచ్ జో గిబ్స్, గ్రిమ్ ముగ్గురూ హాల్‌లో ఉన్నారు. జాకబీ చివరి జాబితా దాకా వచ్చి కూడా 2025 వరకు లోపలికి పోలేదు. లైన్ అంటే ఉమ్మడి పని, అందులో ఒక్కడి గొప్పతనాన్ని ఎలా విడదీస్తామని కొందరు అడుగుతారు. గోల్ వెనుక కోణంలో నాలుగు మ్యాచ్‌లు ఓపికగా చూసినవారికి ఎవరు ఎవరిని ఆపారో, ఎవరి తప్పును ఎవరు సరిదిద్దారో విడివిడిగానే కనిపిస్తుంది. పేరున్న ప్రతి లైన్‌మన్‌కూ చోటివ్వాలని నేను అనను. జాకబీకి మాత్రం ఇవ్వాల్సిందే.

ఈ చందా తీసుకునేవారు ఫోన్‌లో కాక పెద్ద తెరపై చూడండి, ఫోన్‌లో చేతుల పట్టు కనిపించదు. ముందుగా మూడో డౌన్లను ఎంచుకొని, బంతిని వదిలేసి, ఎడమ టాకిల్ పాదాలను మాత్రమే గమనించండి. కోచెస్ ఫిల్మ్ ఇటీవలి సీజన్లకే పరిమితమైంది. జాకబీ కాలపు మ్యాచ్‌లను కూడా ఇలా చేరిస్తే చందా ఇంకొంత పెంచినా సంతోషంగా కడతాను.