జనవరి చలిలో ఎలక్ట్రిక్ కారు, పిట్స్‌బర్గ్ వెంకన్న, ఒక దిక్కుమాలిన హోటల్

ఆ హోటల్‌లో దిగిందే చార్జర్ కోసం. పిట్స్‌బర్గ్ శివార్లలోని మన్రోవిల్‌లో దాని పక్కనే ఇరవై డాలర్లు తక్కువకి ఇంకో హోటల్ ఉంది. "ఎలక్ట్రిక్ కార్లకు రాత్రంతా చార్జింగ్" అని రాసి ఉందని దాన్ని వదిలేసి, పన్నులతో కలిపి 118 డాలర్ల 40 సెంట్లు దీనికి కట్టాం. బయల్దేరే రోజు పొద్దున ఫోన్ చేసి మరీ అడిగాను. పనిచేస్తోంది, రండి అన్నారు.

మేం ఉండేది మిషిగన్‌లో, నోవైలో. అత్తయ్య గారు, మావయ్య గారు విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు. అమెరికా వచ్చి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామిని చూడకుండా వెళ్తే ఊళ్లో ఏం చెప్పుకోవాలి అని అత్తయ్య గారి బెంగ. దారి 310 మైళ్లు. మా కారు 2024 నాటి టెస్లా మోడల్ వై లాంగ్ రేంజ్. కాగితం మీద దాని రేంజ్, అంటే ఒకసారి నింపితే వెళ్లే దూరం, కూడా సరిగ్గా 310 మైళ్లే. జనవరిలో ఆ అంకెను నమ్ముకుని రోడ్డెక్కేవాళ్లు ఎవరూ ఉండరనుకోండి. 2019లో ట్రిపుల్ ఏ (అమెరికా వాహనదారుల సంఘం) వాళ్లు కొన్ని కార్లను పరీక్షించి, 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర హీటర్ వేసుకుని నడిపితే రేంజ్ సగటున 41 శాతం పడిపోతుందని, హీటర్ లేకపోతే 12 శాతమే తగ్గుతుందని తేల్చారు. అంటే బ్యాటరీని తినేది చలికన్నా హీటరే. పెట్రోలు కారులో ఇంజన్ వేడి ఎలాగూ వృథాగా పోతుంది కాబట్టి దాన్నే లోపలికి మళ్లిస్తారు. ఇక్కడ వెచ్చదనానికి కూడా కరెంటే పోయాలి. మా కారులో హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి లాగి కరెంటు ఆదా చేసేది) ఉంది కాబట్టి కాస్త నయం.

టొలీడో దాటి ఒహాయో టర్న్‌పైక్ (టోల్ రోడ్డు) మీద ఎదురుగాలి. ఎండాకాలంలో వంద మైళ్లకు 27 యూనిట్లు తాగే కారు ఆ రోజు 40 తాగింది. హీటర్ తగ్గించి సీట్ల హీటింగ్ వేద్దామన్నాను. సీటు వేడికి అయ్యే కరెంటు చాలా తక్కువ. "మా అమ్మని వణికించి ఎన్ని సెంట్లు మిగులుస్తారు?" అంది మా ఆవిడ. హీటర్ అలాగే ఉంచాను. దారిలో రెండు చోట్ల సూపర్‌చార్జర్ల (టెస్లా వాళ్ల ఫాస్ట్ చార్జర్లు) దగ్గర ఆగాం. మొదటిచోట 36 యూనిట్లు, 15 డాలర్ల 12 సెంట్లు. రెండోచోట 38 యూనిట్లు, 16 డాలర్ల 72 సెంట్లు. నావిగేషన్‌లో చార్జర్‌ని గమ్యంగా పెడితే కారు దారిలోనే బ్యాటరీని వేడి చేసుకుంటుంది కాబట్టి రెండుచోట్లా పాతిక నిమిషాల్లో పని అయిపోయింది. ఇంతవరకూ ఏ ఇబ్బందీ లేదు.

రాత్రి ఎనిమిదిన్నరకి 27 శాతంతో హోటల్ చేరాం. వెనకవైపు రెండు చార్జర్లు ఉన్న మాట నిజమే. పార్కింగ్‌లో మంచు ఊడ్చినవాడు ఆ మంచంతా తెచ్చి వాటి ముందే గుట్ట పోశాడు. నడుమెత్తు గుట్ట, పైన గడ్డకట్టి రాయిలా ఉంది. దాని మీదుగా వెళ్లి ఫోన్ లైట్ వేసి చూస్తే ఒకదాని స్క్రీన్ చీకటి, రెండోదాని కేబులే మంచు కింద ఉంది. ఆ గుట్ట ఒక్కరోజులో పేరుకున్నది కాదు. పొద్దున ఫోన్‌లో రండి అన్న మనిషి అసలు కిటికీలోంచి కూడా చూడలేదన్నమాట.

కౌంటర్‌లో అమ్మాయి తల ఎత్తకుండా, చార్జర్లు మావి కావు, బయటి కంపెనీవి, దాని మీద నంబరు ఉంటుంది చేసుకోండి అంది. నంబరు మంచు కింద ఉంది. ఇదికాక బిల్లులో పది డాలర్ల "సౌకర్యాల రుసుం" ఒకటి. ఏ సౌకర్యాలని అడిగితే ఈతకొలను, చార్జింగ్ అంది. ఈతకొలను తలుపు మీద "మరమ్మతులో ఉంది" అని కాగితం అంటించి ఉంది. అప్పుడే బయట సన్నగా మంచువాన మొదలైంది. మూడు మైళ్ల దూరంలో సూపర్‌చార్జర్ ఉంది, వెళ్లొస్తానన్నాను. ఈ జారుడులో ఎక్కడికీ వద్దని అందరూ ఒక్కమాట మీద నిలబడ్డారు.

అసలు నష్టం పొద్దున తెలిసింది. రాత్రి సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్. 27 శాతం 23 అయింది, పక్కన నీలంరంగు మంచుపువ్వు గుర్తు. చల్లటి బ్యాటరీలోకి కరెంటు గబగబా తోస్తే లిథియం లోపలికి ఇంకక ఆనోడ్ (సెల్‌లోని ఒక ధ్రువం) మీద లోహపు పొరలా పేరుకుంటుంది, సెల్ పాడవుతుంది. అందుకని కారే జాగ్రత్తపడి మెల్లగా తీసుకుంటుంది. బ్రేకుల నుంచి తిరిగి రావాల్సిన కరెంటు కూడా రాదు. యాక్సిలరేటర్ వదిలితే చాలు ఆగిపోయే కారు, ఆ కొండ వాలుల్లో వదిలినా జారుకుంటూ పోతుంటే ప్రతి మలుపులో బ్రేకు తొక్కాల్సి వచ్చింది. ఆ సూపర్‌చార్జర్‌కి వెళ్లే మూడు మైళ్లలో బ్యాటరీ ఏం వేడెక్కుతుంది? మొదట్లో 30 కిలోవాట్ల వేగంతో కూడా ఎక్కలేదు. 45 యూనిట్లకి 19 డాలర్ల 80 సెంట్లు, గంటా పది నిమిషాలు. హోటల్‌లో మామూలు చార్జర్ పనిచేసి ఉంటే ఏడు కిలోవాట్ల లెక్కన తెల్లారేసరికి నిండిపోయేది, బ్యాటరీ వెచ్చగానూ ఉండేది.

పొద్దున్నే దర్శనం చేసుకుందామనుకున్న అత్తయ్య గారు ఆ గంటాపది నిమిషాలూ పెదవి విప్పలేదు. మావయ్య గారు మాత్రం హుషారుగా ఉన్నారు. ఆయన ఆర్టీసీలో మెకానిక్, కొన్నేళ్లు పాడేరు డిపోలో చేశారు. "డీజిల్ బండి మాత్రం తక్కువ తిన్నదా బాబూ? చలికాలం రాత్రి వాలులో పెట్టి ఉంచేవాళ్లం. తెల్లారి దొర్లించి గేరు వేస్తే గానీ అందుకునేది కాదు. దీన్ని దొర్లిస్తే ఏమవుతుంది?" అన్నారు. ఏమీ కాదన్నాను.

గుడి గురించి కొత్తగా చెప్పేదేముంది. 1976లో మొదలుపెట్టి 1977లో కుంభాభిషేకం చేసిన గుడి, పెన్‌హిల్స్ కొండ మీద మంచులో తెల్లటి గోపురం. దర్శనం హాయిగా అయింది. కింద క్యాంటీన్‌లో పులిహోర మాత్రం చెప్పుకోవాలి. ఇంగువ, పచ్చిశనగపప్పు, చింతపండు పులుపు నాలుక చివర ఆగేంత. రెండో పొట్లం విప్పాక అత్తయ్య గారు మాట్లాడారు.

ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒకటే చెప్తాను. చలికాలంలో హోటల్ చార్జర్‌ని నమ్మకండి. ఊరు చేరగానే, బ్యాటరీ వెచ్చగా ఉండగానే, గదికి వెళ్లకముందే సూపర్‌చార్జర్ దగ్గర నింపుకోండి. ప్లగ్‌షేర్‌లో (చార్జర్లు ఎక్కడున్నాయో, ఎలా ఉన్నాయో వాడినవాళ్లు రాసే యాప్) గత వారం ఎవరైనా ఫొటో పెట్టారేమో చూడండి. టైర్లలో గాలి కూడా చూసుకోండి, పది డిగ్రీల ఫారెన్‌హీట్‌కి ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చొప్పున తగ్గుతుంది. సౌకర్యాల రుసుం ఇవ్వనని నిలబడండి. మావయ్య గారు కౌంటర్ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే మా పది డాలర్లు వెనక్కి ఇచ్చారు.

తిరుగు దారిలో రెండు చార్జింగులు, 36 డాలర్ల 12 సెంట్లు. రానూపోనూ రోడ్డు మీద పోసింది మొత్తం 87 డాలర్ల 76 సెంట్లు. ఇంటి దగ్గర ఎక్కించుకున్నది వేరే. గ్యాలన్‌కి 28 మైళ్లిచ్చే పెట్రోలు కారైతే, 3 డాలర్ల 10 సెంట్ల చొప్పున దాదాపు 69 డాలర్లలో పోయేది. అదే ఆఫీసుకి రోజూ నలభై మైళ్లంటే, ఈ చలిలో కూడా ఇంట్లో యూనిట్ 18 సెంట్ల లెక్కన మూడు డాలర్ల లోపే. పెట్రోలైతే నాలుగున్నర. గరాజ్‌లో ప్లగ్ మీద ఉండగానే కారును వేడి చేసుకుని బయల్దేరతాను, గోకాల్సిన మంచు కూడా ఉండదు. ఆఫీసుకి ఇదే. జనవరిలో పిట్స్‌బర్గ్‌కి మాత్రం ఇకమీదట తన హైబ్రిడ్ (పెట్రోలు, బ్యాటరీ రెండూ ఉన్న) కారులోనే అని మా ఆవిడ టొలీడో దగ్గరే తేల్చేసింది.