లినక్స్ నింపి అమ్మే పెన్‌డ్రైవ్‌లు కొనబోయేవారికి ఒక హెచ్చరిక

విండోస్‌కు బదులుగా వాడగల లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటిసారి ప్రయత్నించాలని, అందుకోసం ఆన్‌లైన్‌లో సిద్ధంగా అమ్మే బూటబుల్ (కంప్యూటర్‌ను దాని నుంచే మొదలుపెట్టగల) పెన్‌డ్రైవ్ కొనాలని అనుకుంటున్నవారు దయచేసి ఇది చదివిన తరువాతే డబ్బు చెల్లించండి. నేను కొన్న పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ప్యాకెట్ మీద ముద్రించిన డిస్ట్రో (లినక్స్‌తో తయారుచేసిన పూర్తి వ్యవస్థ) కాదు. దాని పేరూ గుర్తూ పైకి తగిలించుకుని, లోపల ఎవరో మార్పులు చేసిన పాత నకలు అది. అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే అదే ప్యాకెట్ వేరే పేర్లతో అమ్మకానికి ఉండటం తరువాత గమనించాను; కొనేవారికి పనికొచ్చేది పేరు కాదు, అటువంటి సరుకును గుర్తుపట్టే ఆనవాళ్లు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే హార్డ్‌వేర్ లేని కంప్యూటర్లు ఉన్నవారు చాలామంది ఇప్పుడు లినక్స్ వైపు చూస్తున్నారు, అది మంచి ఆలోచనే. అయితే అంతకుముందు ఎన్నడూ చూడని వ్యవస్థ కాబట్టి, తెరపై కనిపిస్తున్నది అసలుదా మార్చినదా అని పోల్చుకోవడానికి కొత్తవారి దగ్గర ఏ ఆధారమూ ఉండదు. ఈ వ్యాపారం నడుస్తున్నది సరిగ్గా ఆ తెలియనితనం మీదనే.

ఒక విషయం న్యాయంగా చెప్పాలి. లినక్స్‌ను డబ్బు తీసుకుని అమ్మడం నేరం కాదు, తప్పూ కాదు. లినక్స్ కెర్నల్ (వ్యవస్థకు మూలభాగం) విడుదలయ్యే జీపీఎల్ రెండవ వెర్షన్ లైసెన్సు నకలు తీయడానికీ, మార్చడానికీ, అమ్మడానికీ అనుమతి ఇస్తుంది. దానికి బదులుగా, సోర్స్ కోడ్‌ను (ప్రోగ్రామర్లు రాసిన మూల రూపాన్ని) వెంట ఇవ్వాలని, లేదా అడిగినవారికి ఇస్తామని కనీసం మూడేళ్లు చెల్లే లిఖిత హామీ ఇవ్వాలని వ్యాపారిని కోరుతుంది. నాకు వచ్చిన ప్యాకెట్‌లో సోర్స్ లేదు, అటువంటి హామీ కూడా లేదు. ఉన్నది ‘జీవితకాల లైసెన్సు’ అనే ముద్ర, ఒక యాక్టివేషన్ నంబరు. ఉబుంటు, లినక్స్ మింట్, ఫెడోరా, డెబియన్ వంటి డెస్క్‌టాప్ డిస్ట్రోలు వాడటానికి యాక్టివేషన్ అనేదే ఉండదు. ఆ మాట కనిపించిన చోటే వెనుదిరగవచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టినది వెంట వచ్చిన సూచనల కాగితం. బయాస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి అమరికల్లోకి) వెళ్లి సెక్యూర్ బూట్‌ను, అంటే నమ్మదగిన సంతకం ఉన్న ప్రోగ్రాములనే బూట్ కానిచ్చే రక్షణను, ఆఫ్ చేయడం అందులో మొదటి మెట్టు. ఆర్చ్ లినక్స్ వంటి కొన్ని డిస్ట్రోల ఇన్‌స్టాల్ ఇమేజ్‌లకు (పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఫైళ్లకు) ఆ అవసరం నిజంగానే ఉంటుంది. కానీ ఉబుంటు, ఫెడోరా ఎంతోకాలంగానూ, డెబియన్ 2019లో వచ్చిన 10వ వెర్షన్ నుంచీ, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే బూట్ అవుతాయి. ప్యాకెట్ మీద పేరున్న డిస్ట్రో ఉబుంటు ఆధారంగా తయారైనది, దాని అసలు ఇమేజ్‌కు సెక్యూర్ బూట్ ఏ అడ్డూ కాదు. అటువంటప్పుడు ఆఫ్ చేయమని అడుగుతున్నారంటే, బూట్ సమయంలో సంతకం పరీక్షకు నిలబడని భాగమేదో అందులో ఉందని అనుమానించాలి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. విండోస్ 11 లాప్‌టాప్‌లు చాలావాటిలో బిట్‌లాకర్ పేరుతో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (కీ లేకుండా ఫైళ్లు చదవలేకుండా చేసే రక్షణ) ముందే ఆన్ అయి ఉంటుంది. సెక్యూర్ బూట్ అమరిక మార్చిన వెంటనే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ దగ్గర లేనివారికి తమ ఫైళ్లే తమకు అందకుండా పోతాయి. కాగితంలో దీని గురించి ఒక్క ముక్క కూడా లేదు.

పెన్‌డ్రైవ్‌ను ఖాళీ డిస్కు ఉన్న విడి కంప్యూటర్‌లో, నెట్‌వర్క్‌కు తగిలించకుండా పరీక్షించాను. సాధారణంగా డెస్క్‌టాప్ డిస్ట్రోలు ముందు లైవ్ సెషన్‌లో తెరుచుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే చూసే వీలు కల్పిస్తాయి. ఇది మాత్రం నేరుగా ఇన్‌స్టాలర్‌లోకి వెళ్లి, డిస్కు మొత్తాన్ని చెరిపివేసే ఎంపికను ముందుగానే గుర్తుపెట్టి చూపింది. కొత్త వ్యవస్థ ఎలా ఉంటుందో కాసేపు చూద్దామనుకుని వరుసగా ‘తరువాత’ నొక్కుకుంటూ వెళ్లే వ్యక్తి అక్కడే తన ఫోటోలు, పత్రాలు అన్నీ పోగొట్టుకుంటాడు.

ఇన్‌స్టాల్ పూర్తయ్యాక చూస్తే, నేను సృష్టించిన ఖాతాతో పాటు అడ్మిన్ అధికారాలున్న ఇంకో ఖాతా ఉంది. లాగిన్ తెరపై అది కనిపించదు. బయటి నుంచి లాగిన్ కావడానికి ఉపయోగపడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు కంప్యూటర్ ఆన్ కాగానే దానంతట అదే మొదలవుతోంది. అన్నిటికన్నా తీవ్రమైనది సాఫ్ట్‌వేర్ మూలాల జాబితాలో చేర్చిన అపరిచిత రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ నిల్వ). లినక్స్‌లో అప్‌డేట్లు రిపాజిటరీల నుంచి వస్తాయి, వాటిని సంతకం కీతో సరిచూసుకుని ప్యాకేజీ మేనేజర్ అనే ప్రోగ్రాము రూట్ అధికారంతో, అంటే వ్యవస్థ మీద పూర్తి అధికారంతో, ఇన్‌స్టాల్ చేస్తుంది. ఎవరి రిపాజిటరీని, ఎవరి కీని నమ్మదగినవిగా వ్యవస్థలో ముందే నమోదు చేశారో, వారు ఏ రోజైనా, ఏ ప్రోగ్రామునైనా, మామూలు అప్‌డేట్ రూపంలోనే ఆ కంప్యూటర్‌లోకి పంపగలరు. ఆ రిపాజిటరీలో ఈ రోజు హానికరమైనదేమీ లేకపోయినా నా అభిప్రాయం మారదు, ఎందుకంటే తాళంచెవి పరాయివారి చేతిలో ఉన్నప్పుడు వారు ఇంకా లోపలికి రాలేదన్నది ఊరట కాదు.

వెర్షన్ విషయమూ అంతే. ప్యాకెట్ మీద కొత్త సంఖ్య ముద్రించి, డెస్క్‌టాప్ బొమ్మలు కూడా దానికి తగినట్టే మార్చారు గానీ, లోపలి ప్యాకేజీలన్నీ ఉబుంటు 18.04 కాలం నాటివి. ఆ వెర్షన్‌కు సాధారణ భద్రతా మద్దతు 2023లోనే ముగిసింది. పెన్‌డ్రైవ్ సామర్థ్యం కూడా అబద్ధమే: 64 జీబీ అని రాసి ఉన్నా, ఎఫ్3 అనే ఉచిత సాధనంతో పరీక్షిస్తే అందులో నాలుగో వంతు మాత్రమే నిజంగా ఉంది. అటువంటి పెన్‌డ్రైవ్‌లో పరిమితి దాటి పెట్టిన ఫైళ్లు కాపీ అయినట్టే కనిపించి, తెరవబోతే తెరుచుకోవు. విండోస్‌లో ఇదే పరీక్షకు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్ ఉంది. అమ్మకందారుకు ఇవన్నీ రాసి పంపితే, తెరిచిన సాఫ్ట్‌వేర్‌ను వెనక్కి తీసుకోము అన్న ఒక్క వాక్యం తిరిగి వచ్చింది.

ఈ పని మీరే చేసుకోవడానికి కావలసింది మీ దగ్గర ఉన్న ఖాళీ పెన్‌డ్రైవ్, దానిలోకి ఇమేజ్‌ను ఎక్కించే ప్రోగ్రాము (రూఫస్ గాని బలీనా ఎచర్ గాని). డిస్ట్రో తయారుచేసే ప్రాజెక్టు సొంత సైటు నుంచే ఐఎస్‌ఓ ఫైలును (డిస్ట్రో ఇమేజ్‌ను) దింపుకోండి. చాలా సైట్లలో ఆ ఫైలు పక్కన ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో తెలిపేందుకు దాని నుంచి లెక్కించే వరుస) ఉంటుంది. 64 అక్షరాల ఆ వరుసను మీ కంప్యూటర్‌లో లెక్కించిన వరుసతో పోల్చాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైలును వాడకూడదు. అయితే చెక్‌సమ్ ఒక్కదానితో ఆగవద్దని గట్టిగా కోరుతున్నాను. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సైటులోకే చొరబడి, 17.3 సినమన్ ఎడిషన్ డౌన్‌లోడ్ లింకును దొంగదారి చొప్పించిన ఇమేజ్ వైపు మళ్లించారు. సైటే పరాయివారి చేతిలోకి వెళ్లినప్పుడు అక్కడ రాసి ఉన్న చెక్‌సమ్‌నూ వారు మార్చగలరు. మార్చలేనిది ప్రాజెక్టువారి రహస్య కీతో చేసిన జీపీజీ సంతకం (ఫైలు వారిదేనని చూపే డిజిటల్ సంతకం). దాన్ని సరిచూసే పద్ధతిని పెద్ద డిస్ట్రోలన్నీ తమ సహాయ పేజీల్లో మెట్టు మెట్టుగా వివరిస్తాయి. మొదటిసారి కాస్త తికమకగా ఉన్నా, ఆ శ్రమకు తగిన ఫలితం ఉంది.

ఆ తరువాత లైవ్ సెషన్‌లో బూట్ చేసి వైఫై, శబ్దం, తెర వెలుతురు, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. ముఖ్యంగా బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లు, ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డులు ఉన్నవారు ఈ మెట్టును వదలవద్దు. డిస్కును ముట్టుకునే ముందు మీ ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి, బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇప్పటికే ఇటువంటి పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేసుకున్నవారు ఆ రిపాజిటరీని తీసేసి, ఆ ఖాతాను చెరిపేసి ఊరుకోవద్దు. లోపల ఇంకేం మార్చారో చూసి తేల్చుకునే మార్గం మనకు లేదు. ముందుగా నెట్‌వర్క్ నుంచి విడదీయండి. పత్రాలు, ఫోటోలు మాత్రమే బయటికి తీసుకోండి, హోమ్ ఫోల్డర్‌లోని దాచిన ఫైళ్లను, బ్రౌజర్ అమరికలను తీసుకోవద్దు. సరిచూసిన ఇమేజ్‌తో డిస్కు మొత్తం చెరిపి కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి. ఆ కంప్యూటర్‌లో టైప్ చేసిన ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లన్నిటినీ వేరే కంప్యూటర్ నుంచి, ఈ రోజే మార్చుకోండి.