తాత మిల్లు కార్డు, హనుమకొండ చౌరస్తా సందులో పాత స్టూడియో

మా తాత వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో మగ్గాల సెక్షన్‌లో పనిచేశాడు. ఆయనది ఇంట్లో ఒకటే ఫొటో ఉంది. అదీ గేటు దగ్గర చూపించే కార్డు కోసం దిగింది. తపాలా బిళ్ల కన్నా కొంచెం పెద్దది. కుడి భుజం మీద మిల్లు గుండ్రటి ముద్ర సగం పడింది. ఎడమ కనుబొమ్మ మీద గాటు కనిపిస్తుంది. మగ్గంలోంచి నాడె ఎగిరొచ్చి తగిలిందని బాపు చెప్తాడు.

తాత సంవత్సరీకానికి దాన్ని పెద్దగా చేయిద్దామని ముందు ఒక కొత్త షాపుకి వెళ్లాను. పది నిమిషాల్లో ఏఐతో చేసిచ్చారు. ముద్ర పోయింది, గాటు పోయింది, బుగ్గలు నున్నగా మెరుస్తున్నాయి. బాపు చూసి "ఎవరే ఈయన?" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

తర్వాత మా కొలీగ్ చెబితే చౌరస్తా దగ్గర సందులో ఉన్న ఈ పాత స్టూడియోకి వెళ్లాను. బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయాయి, మెట్లు ఇరుకు. నడిపే పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. కార్డుని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసి, "ముద్ర తీసెయ్యాల్నా, ఉంచాల్నా బిడ్డా?" అని అడిగారు. ఆ మాట కొత్త షాపులో ఎవరూ అడగలేదు. ఉంచమన్నాను.

కార్డుని స్టాండు మీద పెట్టి, రెండు పక్కలా ఏటవాలుగా లైట్లు వేసి కెమెరాతో కాపీ తీశారు. ఎదురుగా లైటు వేస్తే కాగితం మెరుస్తుందట. మిగతా పని ఇప్పుడు కంప్యూటర్‌లోనే. అయినా పాత డార్క్‌రూమ్ చూపించమని అడిగితే చూపించారు. నెగెటివ్‌ని పెద్దగా చేసి కాగితం మీద వేసే ఎన్లార్జర్ ఇంకా ఉంది. సన్నటి తీగ చివర రూపాయి బిళ్లంత అట్టముక్క. ప్రింటు వేసేటప్పుడు ముఖం నల్లబడకుండా దాన్ని వెలుగుకి అడ్డంపెట్టి ఊపుతూ ఉండాలట, చెయ్యి ఆగితే దాని అంచు ప్రింటు మీద పడిపోతుందట. చేత్తో చేసి చూపించారు కూడా. తాత కళ్ల కింది నీడని ఆయన కంప్యూటర్‌లో అదే లెక్కన, కొంచెం కొంచెంగా తేల్చారు.

ఫొటోల చరిత్ర చదవడం నాకు ఇష్టం. 1839లో ఫ్రాన్స్‌కి చెందిన డగేర్ ఫొటో తీసే పద్ధతి లోకానికి తెలిసినప్పుడు, ఉన్నది ఉన్నట్టు పట్టే యంత్రమని దాన్ని మెచ్చుకున్నారు. ఆ ఉన్నది ఉన్నట్టే తర్వాత దానికి అడ్డమైంది: మెషిన్ తీసేదాంట్లో కళేముంది అన్నారు. దాంతో కొందరు ఫొటోల్ని పెయింటింగ్‌లా కనిపించేలా మసక చేసి, బ్రష్‌తో దిద్ది ప్రింట్లు వేశారు. 1902లో అమెరికాలో ఫొటో సెసెషన్ అనే బృందంగా అలాంటివాళ్లను కూడగట్టిన ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జే 1907లో 'ది స్టీరేజ్' అనే ఫొటో తీశాడు. ఓడలో కింది తరగతి ప్రయాణికులు, ఏ మసకా లేదు. ఆ కొత్త షాపువాళ్లు తాతని మళ్లీ పెయింటింగ్ చేశారు. ఈ పెద్దాయన ఉన్న ముఖాన్నే వెలుగులోకి తెచ్చారు.

పదీ పన్నెండు సైజు, మెరుపు లేని పేపరు, ఆరు వందలు. డబ్బు ముందే కట్టాలి. పన్నెండు రోజులు పట్టింది. ఫోన్ చేస్తే ఎత్తరు, రెండుసార్లు ఊరికే తిరిగాను, అది మాత్రం ఇబ్బందే. ఫ్రేములు బాగా లేవు, బయట కట్టించుకోండి. అసలు ఫొటోనే పట్టుకెళ్లండి, ఫోన్‌లో తీసినదాంతో పని కాదు. పాత ఫొటోలకు లామినేషన్ మాత్రం చేయించకండి, తర్వాత ఊడదీయబోతే బొమ్మ కూడా ఊడొస్తుందని ఆయన పదేపదే చెప్పారు.

ప్రింటు తెచ్చి గోడకి పెట్టగానే బాపు దగ్గరికొచ్చి గాటు మీద వేలు పెట్టి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. వచ్చే వారం మళ్లీ వెళ్తున్నాను. నాయినమ్మ ముఖం పాత రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా లేదు.