గావ్‌చెంగ్ బురుజు నుంచి షీహాయ్ సరస్సు దాకా

హెనాన్ రాష్ట్రంలోని డెంగ్‌ఫెంగ్‌కు వచ్చేవారిలో చాలామంది షావోలిన్ మఠం చూసి తిరిగి వెళ్లిపోతారు. మేము వెళ్లింది మాత్రం ఆ ఊరికి ఆగ్నేయంగా ఉన్న గావ్‌చెంగ్ కోసం, అక్కడ ఖగోళ శాస్త్రవేత్త గువో షౌజింగ్ (1231–1316) కట్టించిన వేధశాల కోసం. జెంగ్‌జౌ నుంచి డెంగ్‌ఫెంగ్‌కు బస్సులో సుమారు గంటన్నర పడుతుంది. అక్కడి నుంచి టాక్సీని రానూ పోనూ మాట్లాడుకోవడం మంచిది.

వేధశాల 9.46 మీటర్ల ఎత్తున, ఇటుకలతో కట్టిన కోటబురుజులా ఉంటుంది. ఉత్తరపు గోడలో నిలువుగా వదిలిన సందు, పైన రెండు గదుల మధ్య అడ్డంగా ఒక కడ్డీ, సందు అడుగు నుంచి సరిగ్గా ఉత్తరానికి 31.19 మీటర్ల పొడవున పేర్చిన 36 రాతి పలకలు. ఆ పలకల మీద చెక్కిన రెండు సన్నని కాలువల్లో నీరు నింపి రాయి మట్టం చూసేవారు. అక్టోబరు చివరలో, పన్నెండు దాటిన పది నిమిషాలకు, కడ్డీ నీడ ఆ వరుసలో దాదాపు మూడో వంతు దగ్గర పడింది. మధ్యాహ్నపు నీడ పొడవును రోజూ కొలిచి సంవత్సరం నిడివిని లెక్కించడం దీని పని. మన జ్యోతిష సిద్ధాంత గ్రంథాల్లోని శంకువు, అంటే నీడను కొలిచే నిలువు కర్రదీ ఇదే సూత్రం. అయితే గువో పాత కొలకర్ర ఎత్తును అయిదింతలు చేశారు. ఎత్తు పెరిగితే నీడ అంచు మసకబారుతుంది కనుక, సన్నని రంధ్రం చేసిన రాగి రేకును రాతిపై జరుపుతూ, అందులోంచి పడే సూర్యబింబం నడుమ కడ్డీ గీతలా కనిపించే చోటును గుర్తించేవారు. పదిహేనేళ్ల ప్రాయంలో ఒక చిత్రాన్ని మాత్రమే చూసి నీటి గడియారం పనితీరును గ్రహించిన పిల్లవాడే పెద్దయ్యాక ఇది చేశాడని, ఆ రాయి పక్కన నిలబడ్డప్పుడు నమ్మబుద్ధయింది. 27 కేంద్రాల్లో పరిశీలనలు జరిపించిన తరువాత, గువో తదితరులు రూపొందించగా 1281లో అమలైన షౌషీ పంచాంగం సంవత్సరానికి 365.2425 రోజులని లెక్కగట్టింది. 1582 నాటి గ్రెగోరియన్ క్యాలెండరుదీ అదే లెక్క.

బస విషయంలో ఒక హెచ్చరిక. మేము ముందుగా గది తీసుకున్న చిన్న హోటలు విదేశీ పాస్‌పోర్టును నమోదు చేసుకోలేమని రాత్రి తొమ్మిదింటికి చెప్పింది. కాబట్టి బయలుదేరే ముందే ఫోన్ చేసి అడగాలి. తరువాత దొరికిన గది శుభ్రంగానే ఉంది. శాకాహారులకు టమాటా నూడుల్స్ ఎక్కడైనా దొరుకుతాయి, గుడ్డు వద్దని మాత్రం ముందే చెప్పాలి.

బీజింగ్‌లో పలువురు జియాన్‌గోమెన్ దగ్గరి ప్రాచీన వేధశాలకు వెళ్లమన్నారు. అది చూడదగినదే, కానీ పైఅంతస్తున ఉన్న పెద్ద కంచు యంత్రాలు గువోవి కావు, ఆయన తరువాత చాలా కాలానికి వచ్చిన చింగ్ రాజుల కాలానివి. ఆయన కోసమైతే జీషుయ్‌తాన్ మెట్రో స్టేషను దగ్గర, షీహాయ్ సరస్సు ఒడ్డున గుట్ట మీదున్న స్మారక మందిరానికి వెళ్లాలి. వివరణలు ఎక్కువగా చైనీస్‌లోనే ఉన్నందున ఫోన్‌లో అనువాద యాప్ తప్పనిసరి. ఉత్తరాన ఉన్న చాంగ్‌పింగ్ ఊటల నీటిని నగరానికి మళ్లించి, 1293లో తోంగ్‌హ్వీ కాలువను పూర్తిచేసినది కూడా ఆయనే. ధాన్యపు పడవలు ఇక్కడి దాకా వచ్చి సరస్సును నింపేయడం చూసి అప్పటి మంగోల్ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ సంతోషించి ఆ కాలువకు పేరు పెట్టాడట.

గావ్‌చెంగ్‌కు గంటన్నర చాలనుకున్నాను, సగం రోజు పట్టింది. ఈ మందిరానికి గంట సరిపోయింది కానీ, ఒడ్డున సాయంత్రం దాకా కూర్చున్నాము. డెబ్బై దాటిన అధికారులకు 1303లో పదవీ విరమణ ఇచ్చినప్పుడు, గువో ఒక్కరికే అనుమతి దొరకలేదు.