కులం మాట ఎత్తకపోవడమా, ఎత్తి పాఠం చెప్పడమా?

కందుకూరు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. పిల్లల మధ్య కులం విషయంలో రెండు పద్ధతులూ పాటించి చూశాను.

మొదటిది, "నా క్లాసులో అందరూ ఒకటే" అని అసలు ఆ మాటే ఎత్తకపోవడం. టెన్షన్ ఉండదు, తల్లిదండ్రులు గొడవకు రారు. కానీ స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అని నేనే అన్నాను. తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ అందరికంటే చివర లేచింది. నేను మాట్లాడకపోయినా కులం క్లాసులోనే ఉంది.

రెండోది, పాఠంగా చెప్పడం. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష గురించి, మండేలా 27 ఏళ్లు జైల్లో ఉండటం గురించి చెబితే పిల్లలకు కోపం వస్తుంది. దూరదేశం కదా, కోపం తేలిక. అక్కడితో ఆపకుండా కారంచేడుకు వస్తాను. 1985లో ఆ ఊరు మన ప్రకాశం జిల్లాలోనే ఉండేది. మాదిగపల్లె తాగే నీళ్ల దగ్గర మొదలైన గొడవ హత్యల దాకా వెళ్లింది. అది వినేటప్పుడు క్లాసులో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. తర్వాత అంటరానితనాన్ని రద్దు చేసిన రాజ్యాంగంలోని 17వ అధికరణం, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం బోర్డు మీద రాస్తాను.

ఇందులోనూ ఒక తప్పు చేశాను. "నీకేం జరిగిందో చెప్పరా" అని ఒక పిల్లాణ్ణి అందరి ముందు అడిగాను. వాడు తల దించుకున్నాడు. వాడి బాధను నేను ఉదాహరణగా వాడుకోబోయాను. ఇప్పుడు ఎవరినీ అడగను. చెప్పాలనిపించినవాళ్లే వచ్చి చెబుతారు.

కష్టమైనా నాకు రెండోదే సరైనది. స్కాలర్‌షిప్ ఫారాలు మాత్రం ఒక్కొక్కరినీ పిలిచి స్టాఫ్‌రూంలో ఇస్తున్నాను.